సల్లటి ఇంజన్‌ను లేపి సూడాలె

నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తున్నది. నాకు సంతకం ఒక్కటే వస్తది. బస్సు ముందట ఉప్పల్ అని రాసి ఉంటే బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడ్త, అంతే. గని డీజిల్ ఇంజన్ చప్పుడు మాత్రం నాకు ఎరుకైతది. ఎవ్వరూ నేర్పలే. ఇరవై ఏండ్లు డ్రైవర్ పెండ్లాంగ ఉన్న, గట్ల వచ్చింది.

మా ఇల్లు నాచారంల, కంపెనీల ఎనక సందుల. రెండు రూములు. సందు చివర మూతబడ్డ కంపెనీ గోడ, గోడ పక్కపొంటి ఖాళీ జాగ. మా ఆయన తన బండి అక్కడ పెట్టేటోడు. ట్రేలర్ బండి అది. ట్రేలర్ అంటే ముందట ఇంజన్ ఉన్న తల వేరే, ఎనక పొడుగు ఇనుప పల్లెం వేరే, రెండిటిని కొండి తోని కలుపుతరు. తల ఆగిందంటే ఎనక ఉన్న బరువంత రోడ్డు మీద గోడ లెక్క నిలబడ్తది. పక్కకు నూకుదమంటే పది మంది తోని కూడ కాదు.

పొద్దుగాల ఆయన సెల్ఫ్ కొడితే మా ఇంట్ల గిన్నెలు గల్లుమనేవి. ఆ చప్పుడుకే నేను స్టవ్ ముట్టించేదాన్ని. సెల్ఫ్ కొట్టకముందు పిలిచేటోడు. "జర నీళ్ళు తేవే" అని. నేను బకెట్ల నీళ్ళు పట్టుకపోతే రేడియేటర్ల పోసేటోడు. మొదట్ల వారానికి ఒకసారి పోసేది. తర్వాత రెండు దినాలకు ఒకసారి అయింది. చివరికి రోజూ ఒక బకెట్. అన్ని దినాలు నేనే మోసిన. ఆ నీళ్ళు ఎటు పోతున్నయ్ అని ఒక్కనాడు అడగలే. బండి కింద తడి లేదు. పైపు పగల్లే. మరి బకెట్ నీళ్ళు యాడికి పోయినయ్? ఇంత పెద్ద ప్రశ్న నా కండ్ల ముందటే ఉన్నది, నేను బకెట్ కడిగి బోర్లేసి వచ్చిన.

ఆయన పోయి నాలుగేండ్లయింది. ఆ దినం పట్టపగలు. నేను కంపెనీల కారం పొట్లాలకు సీలు పెడుతున్న. ఫోన్ వచ్చింది.

"బండి ఆగిందే" అన్నడు. "సూర్యాపేట దాటినం. నేను ఆపలే, అదే ఆగింది. ఇంజన్ పట్టేసింది. ఇంజన్ మేస్త్రీకి చెప్పిన, వస్తుండు. నువ్వు తిన్నవా?"

"తిన్న" అని అబద్ధం చెప్పిన. అదే ఆఖరు మాట.

ఇంజన్ల ఒక పలుచటి రేకు ఉంటదట, హెడ్ గ్యాస్కెట్ అంటరు. అది కాలిపోయి నీళ్ళు లోపటికి దిగినయట. నేను మోసిన నీళ్ళే. కొన్ని పొగ లెక్క బయటకు పోయినయ్, కొన్ని ఆయిల్ల కలిసినయ్, చివరికి ఇంజన్ బిగుసుకపోయింది. బండి ఆగిందని ఎనక వచ్చేటోళ్ళకు తెల్వాలె కదా. ఆయన చెట్టు కొమ్మలు ఇరిసి, రాళ్ళు తెచ్చి, బండి ఎనక వరుసగ పెడుతుండు. ఎనక నుంచి ఇంకో లారీ వచ్చింది. ఇగ ఇక్కడ నా బిడ్డ రాసుడు ఆపింది. సరే, అది వద్దు.

మనిషి బండి నడుపుతుంటే నాకు భయం లేదు. బండి ఆగుతదంటేనే భయం. ఉప్పల్ రింగు రోడ్డు మీద మెట్రో పిల్లర్ల నడుమ ఏదన్న లారీ ఆగి ఉంటే ఇప్పటికీ ఆ దిక్కు సూడను. ఆటోల పోతుంటే కండ్లు మూసుకుంట. ఆటో ఆయన "ఏందక్కా, తల తిరుగుతుందా?" అంటడు. అవునంట.

గసంటి నా దగ్గరికి వచ్చి, నా అల్లుడు ఒకనాడు అన్నం ముందట కూసోని అన్నడు. "అత్తమ్మా, మనమే ఒక ట్రేలర్ కొందం. పాతదే. ఎన్నేండ్లు మంది బండి నడుపుత?"

అల్లుడు కూడ డ్రైవరే. నల్లగొండ దిక్కు పిల్లగాడు. లగ్గమైనంక నేను ఒక్కదాన్నే ఉన్నానని ఇద్దరు నా దగ్గరికే వచ్చి ఉన్నరు. తాగడు, అరవడు, పని దొంగతనం చెయ్యడు. ఆ మాట అన్నప్పుడు నా బిడ్డ పప్పు గంటె పట్టుకొని నా మొకం దిక్కు సూస్తున్నది. మా ఆయన పోయినంక వచ్చిన పైసలు బ్యాంకుల ఉన్నయని ముగ్గురికీ తెలుసు. ఎవ్వరం అనలే. ఆయన పానం పోతే వచ్చిన పైసలు పెట్టి అసుమంటి బండే కొనుడు, దాంట్ల నా బిడ్డ పెనిమిటిని కూసోబెట్టుడు. 

"పాతదంటే ఇంజన్ ఎట్ల ఉంటదో" అన్న.

"అందుకే మంచిది సూసే కొందమంటున్న అత్తమ్మా. నేను చిన్న పోరన్నా?"

వద్దు అని ఎట్లంట? వద్దంటే పిల్లగాడు మంది బండే నడుపుతడు. మంది బండ్లు ఎట్ల ఉంటయో నాకు తెల్వదా? ఆగేటి బండికి తాళం ఇచ్చి "పోనీ, ఏం గాదు" అంటరు. మనదైతే కనీసం చేసుకుంటం. గిట్ల నాకు నేనే చెప్పుకొని సరే అన్న. గని ఒక్క మాట పెట్టిన. మల్లాపూర్ దిక్కు ఒక మేస్త్రీ ఉన్నడు, ముసలాయన, మా ఆయన బండి చేసేటోడు. నన్ను చెల్లె అంటడు. ఆ మేస్త్రీ సూడందే బండికి పైస ఇయ్యొద్దు అన్న.

మేస్త్రీ షెడ్డుకు ముగ్గురం పోయినం. అల్లునికి సెన్సార్ బండి మీద మనసు. కొత్త రకం ఇంజన్, డీజిల్ తక్కువ తాగుతది, గుట్ట ఎక్కుడుకు గుంజుతది. పాత రకానిది పంపు ఇంజన్. పొగ ఎక్కువ, డీజిల్ ఎక్కువ.

మేస్త్రీ గుడ్డ తోని చేతులు తుడుసుకుంట అన్నడు, "సెన్సార్ బండి ఖరాబ్ అని నేను అనను బిడ్డా. సర్వీసు టైముకు జేసినోనికి అది బంగారం. గని దానికి ఏమన్న తక్కువైతే అడవిల కూడ అలుగుతది. ల్యాప్‌టాప్ పట్టుకొని పిలగాడు వచ్చేదాక లేవది. పంపు ఇంజన్ గట్ల కాదు. నా పెండ్లాం లెక్క. పొద్దంత ఒర్లుతది గని పని ఆపది."

లోపట నుంచి ఆయన పెండ్లాం వినబడేటట్టు అన్నది, "నేను ఆపిన నాడు తెలుస్తది నీకు."

అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. గని "అడవిల అలుగుతది" అన్న మాట నా కడుపుల అట్లనే ఉండిపోయింది.

"ఏది కొన్నా ఒక్కటి యాద్ పెట్టుకోండి" అన్నడు మేస్త్రీ. "రాత్రంత సల్లబడ్డ ఇంజన్‌ను మీ ముందట లేపమనండి. వేడి మీద ఉన్న ఇంజన్ ఎవలికైనా మంచిగనే లేస్తది. దాని రోగమంత సల్లగున్నప్పుడే బయటపడ్తది. లేవనీకి ఎంత సేపు పట్టింది, పొగ ఏం రంగుంది, పొగ పోయిందా లేదా, అది సూడాలె."

అల్లుడు పదిహేను దినాలు తిరిగిండు. ఉప్పల్ల పాత లారీలు అమ్మే ఒక సేటు దగ్గర ఒకటి దొరికింది. సెన్సార్ బండి. తలకు కొత్త నీలం రంగు, అద్దం మీద దేవుని బొమ్మ, లోపట సీట్లకు ఎర్ర రెగ్జిను. అల్లుడు ఫోన్ల ఫొటో సూపెట్టిండు. నా బిడ్డ ఆ ఫొటోను రెండు వేళ్ళ తోని పెద్దగ జేసి జేసి సూసింది. మంచిగ లేదని నేను అనలే. నడిపిచ్చి సూసిండట, గుంజుతున్నదట. "సల్లగున్నప్పుడు సూసినవా?" అన్న. "మధ్యాహ్నం పోయిన అత్తమ్మా, అప్పటికే నడుస్తున్నది" అన్నడు. మేస్త్రీని ముహూర్తం నాడే తీసుకపోదమన్నడు. గురువారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు. పూజ, నిమ్మకాయలు, అడ్వాన్సు, అన్నీ అప్పుడే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. మా దిక్కు బండి కొంటే ముహూర్తానికి మొదటి సెల్ఫ్‌కే లేవాలె. గుర్రుమని ఒక్కసారికి లేస్తే మంచి శకునం. రెండోసారి కొడితే ముఖాలు మాడిపోతయ్. అందుకని అమ్మేటోళ్ళు ఏం చేస్తరంటే, కొనేటోళ్ళు రాకముందే ఒక గంట ఇంజన్ నడిపిచ్చి వేడి జేసి పెడతరు. అందుల మోసం ఉన్నదని ఎవ్వరూ అనుకోరు. పెండ్లింట వాకిలి ఊడ్సి ముగ్గేసినట్టే అది. మా ఆయన బండి కొన్ననాడు కూడ గట్లనే జేసిన్రు. మేమే "మంచిగ వేడి జేసి పెట్టు సేటు" అని చెప్పినం. మంచి గడియ కోసం మా కండ్లు మేమే మూసుకున్నం.

ఇంకొకటి. మొగుడు లేని ఆడది ముహూర్తానికి ముందట నిలబడది. నాకు ఎవ్వరూ చెప్పలే. చెప్పేదాక ఎందుకని నేనే తప్పుకుంట. నా బిడ్డ "నువ్వు రావాలె అమ్మా" అని కొట్లాడింది. వస్త గని దూరంగ ఉంట అన్న. రాత్రంత నిద్ర లేదు. వాళ్ళ తోని పోతే ముందట పడతనేమో అని, పొద్దున్నే లేసి, నాచారం నుంచి షేర్ ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఉప్పల్‌కు పోయిన. వాళ్ళు రాకముందే ఒకసారి బండిని సూసి, దండం పెట్టుకొని, పక్కకు పోయి నిలబడదమనుకున్న.

అప్పటికి ఏడు కాలే. సేటు యార్డు గేటు సగం తీసి ఉన్నది. నీలం బండి గోడ దిక్కు మొకం పెట్టి ఉంటే, నేను దాని ఎనకకు పోయి నిలబడ్డ. ముందటికి పోవొద్దు కదా మరి. ఎనక పల్లెం ఇంకా తగిలియ్యలే, ఒట్టి తల ఒక్కటే. యార్డు డ్రైవర్ ఒకాయన యాప పుల్ల నములుకుంట వచ్చి ఎక్కిండు. నన్ను సూడలే. సెల్ఫ్ కొట్టిండు.

లేవలే. కుయ్ కుయ్ మన్నది. మల్ల కొట్టిండు. మూడోసారి కొట్టిండు. నాలుగోసారి లేసింది. లేసుడు కూడ మంచిగ లేవలే, ఒక కాలు కుంటినట్టు గుడగుడ గుడగుడ అన్నది. సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ వచ్చింది. పొద్దుగాల సలికి ప్రతి బండికి జర తెల్ల పొగ వస్తది, నాకు తెలుసు. అది సన్నబడి పోవాలె. ఇది పోలే. నేను అట్లనే నిలబడ్డ. యార్డు డ్రైవర్ దిగి చాయ్ తాగొచ్చిండు. పొగ అట్లనే ఉన్నది. నేను చెయ్యి సాపి పొగల పెట్టిన. చెయ్యి తడిసింది.

నా పానం ఎట్లయిందో చెప్పరాదు. మా ఆయన బండి ఎనక కూడ ఇదే పొగ. రోజూ సూసిన. బకెట్ పట్టుకొని నడుసుకుంట, ఆ తెల్లటి పొగలకెల్లే ఇంటికి వచ్చేదాన్ని. మొకం తడైతే కొంగు తోని తుడుసుకునేదాన్ని. నాలుగేండ్లు ఆ మాట యాదికి రాలే, చెయ్యి తడవంగనే వచ్చింది.

వచ్చి చాయ్ హోటల్ కాడ కూసున్న. చాయ్ సల్లగైంది. చెప్పాల్నా వద్దా? చెప్తే ఏమంటరు? మంచి గడియల ముండమోపిది నోరు తెరిసింది అంటరు. ఒకవేళ నా భయమే నా కండ్లకు పొగైందా? పిల్లగాడు పదిహేను దినాలు తిరిగిండు. నా బిడ్డ కొత్త చీర కట్టుకొని వస్తది. నేను తప్పు చెప్తే ఈ ఇంట్ల నా మాటకు ఇగ ఇలువ ఉండది. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమైతదో నాకు తెలుసు. కొంగు సుట్టుకొని అక్కడ్నే కూసున్న. హోటల్ ఆయన "సలి పెడుతుందా అమ్మా" అని ఇంకో చాయ్ పెట్టిండు.

తొమ్మిది దాటినంక వాళ్ళొచ్చిన్రు. అల్లుడు, బిడ్డ, మేస్త్రీ. నేను యార్డు గేటు కాడ పక్కకు నిలబడ్డ. బండికి పూల దండ ఏసిన్రు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన్రు. సేటు కొబ్బరికాయ కొట్టి "ఎక్కు తమ్మీ, సెల్ఫ్ కొట్టు" అన్నడు. అల్లుడు మొక్కి ఎక్కిండు. కొట్టిండు.

ఒక్కసారికే గుర్రుమని లేసింది. చప్పుడు సాఫ్. పొగ పలుచగ, కనబడీ కనబడనట్టు. నా బిడ్డ చప్పట్లు కొట్టింది. సేటు "సూసిన్రా, ఎట్లుందో" అన్నడు. అల్లుడు కిటికీల నుంచి నా దిక్కు సూసి నవ్విండు. చిన్న పిల్లగాని లెక్క నవ్విండు. బండి ముందుకు పోయి నిమ్మకాయలు నలగాలె, అంతే ఇగ.

నేను పోయి బండి ముందట నిలబడ్డ.

"అమ్మా, పక్కకు జరుగు" అన్నడు సేటు.

"ఇంజన్ బందు జెయ్యి బిడ్డా" అన్న.

అల్లునికి సమజ్ కాలే. "ఏమైంది అత్తమ్మా?"

"బందు జేసి దిగు. పొద్దుగాల ఇది నాలుగు సెల్ఫులకు లేసింది. నేను ఎనక ఉండి సూసిన. తెల్ల పొగ పోలే. చెయ్యి పెడితే తడిసింది. రేడియేటర్ మూత తీసి సూడాలె."

 సేటు నవ్విండు. "అమ్మా, మీరు ఇంజనీరు సదివిన్రా? మంచి గడియల ఇసుంటి మాటలేంది? వేడి ఇంజన్‌కు మూత తీస్తే ఆవిరి మొకం మీద కొడతది. మీ అల్లుని మొకం కాల్సుకుంటడా?"

ఆ మాట నిజమే. వేడి మీద మూత తియ్యొద్దు. వేడి జేసినోనికి అది కూడ ఒక సాకు.

అల్లుడు దిగి నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నడు. "అత్తమ్మా, మామయ్య బండి వేరే, ఇది వేరే. నీకు భయం ఉన్నది. నాకు తెలుసు. ప్రతి బండిల నీకు అదే కనబడ్తది."

"కనబడ్తది" అన్న. "కనబడనీ. సల్లగైందాక కూసుందం. అప్పుడు మూత తీసి నీ కండ్ల తోని సూడు. ఏం లేకుంటే నీ కాళ్ళు మొక్కి ఇంటికి పోత."

"అత్తమ్మా, అసుమంటి మాటలెందుకు?"

"ముహూర్తం పోతది" అన్నడు సేటు.

నా బిడ్డ ఏమన్నదో అది రాయనంటున్నది. నేను చెప్తున్న కదా, రాయి. నా బిడ్డ అన్నది, "పోతే పోనీ. నాయిన బండికి ముహూర్తం మంచిగనే ఉండె."

 మేస్త్రీ ఒక డబ్బా బోర్లేసి దాని మీద కూసున్నడు. "చెల్లె చెప్పింది సూసే పోదం. నాకేం పని లేదు, ఇంటికి పోతే తిట్లే" అన్నడు.

పెద్ద ఇంజన్ సల్లగ కావాలంటే ఎంత సేపో తెలుసా? మధ్యాహ్నమైంది. నేను ఆ గోడ నీడకు కూసున్న. సేటు లోపటికి పోయి ఫోన్ల మాట్లాడుతుండు, మమ్ముల గురించే మాట్లాడుతుండు. అల్లుడు బండి సుట్టు తిరుగుతుండు, టైర్లను కాలు తోని తన్నుతుండు, నా దిక్కు సూస్తలేడు. బండి మీద పూలు వాడిపోతున్నయ్. నేను లోపట ఏం మొక్కిన్నో చెప్పనా? ముందు రోగం ఉండాలె దేవుడా అని మొక్కిన. తర్వాత ఉండొద్దు, పిల్లగాడు సంబురపడనీ అని మొక్కిన. ఏం మొక్కాల్నో నాకే తెల్వలే.

మేస్త్రీ లేసి ఇంజన్ మీద చెయ్యి పెట్టిండు. తువ్వాల సుట్టి మెల్లగ మూత తిప్పిండు. బుస్సున జర గాలి పోయింది, అంతే. మూత తీసి పక్కకు పెట్టి, "బిడ్డా, నువ్వు ఎక్కి లేపు. రేస్ ఇయ్యకు" అన్నడు.

రెండు సెల్ఫులకు లేసింది. మేస్త్రీ నన్ను పిలిచిండు. నేను పోలే. అల్లుణ్ణి పిలిచిండు. అల్లుడు దిగి వచ్చి వంగి సూసిండు. సూసి అట్లనే ఉన్నడు.  అప్పుడు నేను కూడ పోయిన.

రేడియేటర్ నీళ్ళు అన్నం కుండ ఉడికినట్టు ఉడుకుతున్నయ్. వేడికి కాదు, ఇంజన్ ఇంకా అంత వేడి కాలే. అడుగు నుంచి గాలి బుడగలు ఒకదాని ఎనక ఒకటి వచ్చి పగులుతున్నయ్. ఇంజన్ల కాలే గాలి నీళ్ళలకు వస్తున్నదంటే, రేకు కాలిపోయింది. గాలి వచ్చే తొవ్వల నీళ్ళు కూడ పోతయ్.

సేటు ఉరికొచ్చిండు. "గ్యాస్కెట్టే కదా. రెండు దినాల నేనే ఏపిచ్చి ఇస్త."

"రేకు ఒక్కటే పోయిందా, హెడ్ వంగిందా, లోపట పగిలిందా, విప్పినోడు ఎవడు?" అన్నడు మేస్త్రీ. "రంగు ఏపిచ్చినప్పుడు ఇది కూడ ఏపియ్యాల్సింది సేటు. రంగు తోని ఇంజన్ నడవది."

 అల్లుడు వంగి టైర్ల కింద నిమ్మకాయలు నాలుగు ఏరి జేబుల ఏసుకున్నడు. ఒక్కటి కూడ నలగలే. ఆటోల నాచారం వచ్చినం. దిగినంక అల్లుడు నా దగ్గరికి వచ్చి, "అత్తమ్మా, మామయ్య బండి నీళ్ళు కూడ గిట్లనే ఉడికేటివా?" అని అడిగిండు.

"నేను మూతల తొంగి సూడలే బిడ్డా" అన్న. "నేను బకెట్ ఇచ్చి వచ్చేదాన్ని."

ఆ నాడు రాత్రి నా బిడ్డ ఆ నిమ్మకాయల తోని పులిహోర కలిపింది. ఎవ్వరం మంచిగ తినలే.

తర్వాత రెండు నెలలకు మేస్త్రీయే ఒక బండి సూపెట్టిండు. కాప్రా కాడ ఒక పెద్ద మనిషిది. మోకాళ్ళు పోయి నడుపుడు ఇడిసిపెట్టిండు. పంపు ఇంజన్. రంగు పోయి ఎండిన అరటి తొక్క లెక్క ఉన్నది. నా బిడ్డ ఫొటో పెద్దగ జేసి సూడలే. ఇంజన్ పని రెండేండ్ల కింద మేస్త్రీయే తన చేతుల తోని చేసిండట. లైనర్లు, పిస్టన్లు, హెడ్, అన్నీ విప్పి సూసినవే. మూడు పొద్దులు మూడు సార్లు మేము పోయి, రాత్రంత సల్లబడ్డ ఇంజన్‌ను లేపి సూసినం. పెద్దమనిషి నవ్వేటోడు, "పిల్లను సూడనీకి కూడ ఇన్ని సార్లు రారమ్మా" అని. సెల్ఫ్ కొడితే ఒకసారి మూలిగి రెండోసారికి లేసేది. ఒక నల్ల పొగ ముద్ద, తర్వాత సాఫ్. నేను ఎనక నిలబడి చెయ్యి పెట్టిన. మసి అంటింది, తడి లేదు. రేడియేటర్ నీళ్ళు కదలలే. మేస్త్రీ ఇంజన్ నడుస్తుండంగనే ఆయిల్ పోసే బొర్రె మూత తీసి, తలకిందుల జేసి ఆ బొర్రె మీద ఊరికె పెట్టిండు. లోపట రింగులు అరిగితే గాలి తన్ని మూత ఎగురుతదట. నేను ఊపిరి పట్టి సూసిన. మూత జర వణికింది, అంతే. కూసున్న కాడ కూసున్నది.

ముహూర్తానికి ఇంజన్ వేడి జెయ్యొద్దని చెప్పినం. రెండో సెల్ఫ్‌కు లేసింది. సుట్టాల ముఖాలు మాడినయ్. ఒకామె నోరు మీద చెయ్యి పెట్టుకున్నది. నన్ను నా బిడ్డ చెయ్యి పట్టి గుంజుకొచ్చి బండి ముందటనే నిలబెట్టింది.

భయం పోయిందా అంటే, పోలే. మంచి ఇంజన్ అంటే ఎన్నడూ ఆగదని కాదు, నాకు తెలుసు. పైపు పగలొచ్చు, డీజిల్ల నీళ్ళుండొచ్చు. అల్లుడు బండి ఎక్కిన దినం నుంచి దిగేదాక నా చెవులు ఫోన్ కాడనే ఉంటయ్. ఆయన ఆగిన కాడల్ల ఫోన్ చేస్తడు. నేను "మంచిగున్నవా" అని అడగ. "ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టు బిడ్డా" అంట. పెడతడు. నేను ఇంట. చప్పుడు సాఫ్‌గ ఉంటే, "ఇగ తిను పో" అంట. దాబల మిగతా డ్రైవర్లు నవ్వుతరట, మీ అత్త డాక్టరా ఏంది, ఇంజన్ గుండె సూస్తది అని. నవ్వనీ.

మొన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సూర్యాపేట దాటినం అన్నడు. నా చేతిల కారం పొట్లం అట్లనే ఉన్నది. "ఇంజన్ దగ్గర పెట్టు" అన్న. పెట్టిండు. ఏం చప్పుడు లేదు. గాలి ఒక్కటే. ఎనకకెల్లి ఏదో బండి పోయిన చప్పుడు. నేను మిషన్ బందు జేసి ఫోన్ చెవికి ఒత్తి పెట్టుకున్న. సీలు మిషన్ కాడ ఆడోళ్ళు ఉరికొచ్చిన్రు.

"బిడ్డా, ఆగిందా?" అన్న. 

"ఆగలే అత్తమ్మా, నేనే ఆపిన. దాబల ఆపిన, రోడ్డుకు చాన లోపట. అన్నం తినాలె కదా."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు ఇంజన్ దగ్గర పెట్టు అంటివి, పెట్టిన."

"ఒక్కసారి లేపు" అన్న. "నాకు ఇనబడేటట్టు లేపి, ఇనిపిచ్చి, మల్ల నువ్వే ఆపు."

 తలుపు తీసిన చప్పుడు, ఎక్కిన చప్పుడు. ఒక సెల్ఫ్. మూలిగింది. రెండో సెల్ఫ్. లేసింది. ఆడోళ్ళు నా సుట్టు నిలబడి సూస్తున్నరు. నేను కండ్లు మూసుకొని ఇన్న. చాన సేపు ఇన్న. తర్వాత ఆయన ఆపిండు. ఇనబడ్డది, ఆపింది ఆయనే అని.